అనంతపురం నుంచి ఇంగ్లీషు టీచర్‌గా విదేశాలకు: అడ్డం పడేది యాసా, కాగితమా?

శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీలో ఎం.ఏ. ఇంగ్లీషు చేసి, ఆ తర్వాత బీఈడీ పూర్తి చేసి, అనంతపురంలో ఒక ప్రైవేటు బడిలో ఆరేళ్లుగా హైస్కూలు పిల్లలకు పాఠాలు చెబుతున్న టీచర్ ఒకరు దక్షిణ కొరియాలో ఇంగ్లీషు టీచర్ ఉద్యోగానికి ఆన్‌లైన్ దరఖాస్తు తెరిచారనుకుందాం. పేరు, పుట్టిన తేదీ నింపాక పాస్‌పోర్టు ఏ దేశానిదో అడుగుతారు. ఇంగ్లీషు నేర్పడానికి ఆ దేశం ఇచ్చే ఈ-2 వీసాకు మామూలుగా ఏడు దేశాల పౌరులే అర్హులు: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. చదువు, అనుభవం అడిగే పేజీ దాకా పోకుండానే దరఖాస్తు అక్కడితో ఆగిపోతుంది.

ఇలా ఆగిపోయినవాళ్లలో చాలామంది తప్పంతా తమ నోటి మీదే వేసుకుంటారు. "మన సీమ యాస వాళ్లకు ఎక్కదు" అనుకుని ఇంకో స్పోకెన్ ఇంగ్లీషు కోర్సుకో, ఉచ్చారణ దిద్దే క్లాసులకో డబ్బు కడతారు. కర్నూలు రాజ్‌విహార్ సెంటర్‌లోనైనా, కడప ఏడురోడ్ల కూడలి చుట్టుపక్కలైనా, అనంతపురం సాయినగర్‌లోనైనా అలాంటి బోర్డులకు కొదవ లేదు. కానీ ఆ టీచర్ గొంతు అక్కడ ఎవరూ విననే లేదు కదా, యాస ప్రశ్న ఎక్కడ వచ్చింది?

విదేశాల్లో ఇంగ్లీషు టీచర్ ఉద్యోగాలు రెండు వేర్వేరు బజార్లుగా నడుస్తాయి. మొదటిదాంట్లో పాస్‌పోర్టు చూస్తారు, రెండోదాంట్లో బీఈడీ చూస్తారు, అనుభవం చూస్తారు. సీమ నుంచి వెళ్లాలనుకునేవాళ్లకు తలుపు తెరిచి ఉన్నది రెండో బజారులో. అక్కడ కూడా మనవాళ్లు చాలామంది గడప దగ్గరే ఆగిపోతున్నారు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లే ఆగిపోతున్నారు, కాగితాలు సరిగా లేక. బాధ కలిగించే సంగతి ఇదే, ఎందుకంటే ఇది ముందే దిద్దుకోగలిగినది.

విదేశాల వైపు ఇంత చూపు ఎందుకన్నది ఇక్కడి టీచర్లకు వేరే చెప్పక్కర్లేదు. 2018 తర్వాత మళ్లీ డీఎస్సీ వచ్చింది 2025లో, 16,347 పోస్టులతో. మధ్యలో ఏడేళ్లు పోయాయి. బీఈడీ చేసి, టెట్ రాసి, నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ ప్రైవేటు బడుల్లో పదికో పదిహేను వేలకో పనిచేసినవాళ్లు పాత కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో ఊరికి నలుగురైనా కనిపిస్తారు. కడప వైపు కువైట్ దారి తెలియని ఇల్లు తక్కువ. రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి తరాలుగా జనం వెళ్తూనే ఉన్నారు. ఇంటి పనికి వెళ్లిన అమ్మ పంపిన డబ్బుతో బీఈడీ చదివిన కూతురు, తాను టీచర్‌గా వెళ్లొచ్చు కదా అని అడగడంలో ఆశ్చర్యం ఏముంది?

పాస్‌పోర్టు చూసే బజారు

కొరియా, చైనా, జపాన్, థాయ్‌లాండ్, వియత్నాం లాంటి దేశాల్లో పెద్దలకూ పిల్లలకూ ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే ఉద్యోగాలు వేలల్లో ఉంటాయి. ప్రకటనల్లో తరచూ కనిపించే మాట "నేటివ్ స్పీకర్". పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు కావాలని దాని అర్థం. ఆచరణలో మాత్రం దాన్ని తేల్చేది పాస్‌పోర్టే. ఇంట్లో వేరే భాష మాట్లాడే అమెరికా పౌరుడు అర్హుడవుతాడు. ఎల్‌కేజీ నుంచి ఎం.ఏ. దాకా ఇంగ్లీషులోనే చదివిన కర్నూలు అమ్మాయి కాదు.

దీని వెనకున్న ఆలోచనను భాషాశాస్త్రవేత్తలు ఎప్పుడో ప్రశ్నించారు. కశ్మీర్‌లో పుట్టిన బ్రజ్ కచ్రు 1980లలో ప్రపంచ ఇంగ్లీషును మూడు వలయాలుగా గీసి చూపించాడు. లోపలి వలయంలో బ్రిటన్, అమెరికా లాంటి దేశాలు, బయటి వలయంలో ఇంగ్లీషు చదువులోనూ పాలనలోనూ పాతుకుపోయిన భారత్, నైజీరియా, సింగపూర్ లాంటివి, మూడోదాంట్లో దాన్ని పరాయి భాషగా నేర్చుకునే కొరియా, చైనా లాంటివి. బయటి వలయంలోని ఇంగ్లీషు తప్పుల ఇంగ్లీషు కాదనీ, దానికీ సొంత నిలకడ ఉందనీ ఆయన వాదన. పుట్టుకతో భాష వచ్చినవాడే మంచి టీచర్ అవుతాడనే నమ్మకం ఒట్టి భ్రమ అని 1990లలో రాబర్ట్ ఫిలిప్సన్ గట్టిగానే రాశాడు. పరాయి భాషను కష్టపడి నేర్చుకున్నవాడికి అది ఎక్కడ కొరుకుడు పడదో తెలుస్తుంది, అమ్మ ఒడిలో నేర్చుకున్నవాడికి ఆ సంగతి గుర్తుండదు.

దీనికి సాక్ష్యం కడపలోనే ఉంది. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్‌కు తెలుగు మాతృభాష కాదు. పెద్దయ్యాక, పండితుల దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. ఆయన 1852లో వెలువరించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును తెలుగువాళ్లు ఈనాటికీ తిరగేస్తున్నారు. ఆయన బంగళా ఉన్న చోట నిలబడిన గ్రంథాలయంలో ఇవాళ పిల్లలు పోటీ పరీక్షలకు చదువుకుంటున్నారు. తెలుగు పుట్టుకతో రాలేదని బ్రౌన్ మాటను ఎవరూ పక్కన పెట్టలేదు. మరి ఇంగ్లీషు విషయంలో మాత్రం ఇంకో కొలత ఎందుకు?

వాదన మనవైపే ఉంది, వీసా నియమం మాత్రం వాదన వినదు. అందుకే ఈ బజారులో మన పాస్‌పోర్టుకు ఉన్న సందులు ఎక్కడో తెలుసుకోవడం మేలు. భారత్, కొరియా మధ్య 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఆర్థిక భాగస్వామ్య ఒప్పందంలో, ఇంగ్లీషు సహాయ టీచర్లుగా భారతీయులను తీసుకునే అవకాశం పెట్టారు. డిగ్రీతో పాటు బోధనా అర్హత ఉండాలి, పని బడుల్లోనే. పెద్ద గేటు కాదు, చిన్న కిటికీ. అయినా ఉందని తెలిసినవాళ్లు తక్కువ.

జపాన్‌ది ఇంకో లెక్క. అక్కడి బడుల్లో పరాయి భాష నేర్పేవాళ్లకు ఇచ్చే వీసాకు, ఆ భాషలో పన్నెండేళ్లు చదివి ఉండాలని నియమం. ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లు, బడులూ కాలేజీల నుంచి ఆ మేరకు పత్రాలు తెచ్చుకోగలిగితే, దీన్ని దాటొచ్చు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఆ తర్వాత పట్టుదలతో ఇంగ్లీషులో ఎం.ఏ. చేసినవాళ్లకు మాత్రం ఈ లెక్క కుదరదు. మన పల్లెల నుంచి వచ్చిన మంచి ఇంగ్లీషు టీచర్లలో ఎంతమంది ఆ రెండో బాపతో తలచుకుంటే ఈ నియమం గుచ్చుకుంటుంది.

చైనా భాషా టీచర్లకు సాధారణంగా ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న దేశాల పౌరసత్వం, డిగ్రీ, రెండేళ్ల అనుభవం అడుగుతుంది. పైగా 2021 జులైలో బడి పాఠాల ప్రైవేటు ట్యూషన్ల మీద అక్కడి ప్రభుత్వం ఉక్కుపాదం మోపాక ఆ రంగమే చిక్కిపోయింది. థాయ్‌లాండ్, వియత్నాం కొంచెం నయం. థాయ్ బడుల్లో ఫిలిప్పీన్స్ టీచర్లు పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నారు, భారతీయులూ ఉన్నారు. మాతృభాష ఇంగ్లీషు కానివాళ్లను టోయిక్ లాంటి పరీక్ష స్కోరు అడగడం అక్కడ మామూలు. ఒకే బడిలో, ఒకే పాఠానికి, పాస్‌పోర్టును బట్టి జీతం మారడం కూడా అంతే మామూలు. ఇది అన్యాయమే. వెళ్లేవాళ్లు అది తెలుసుకుని వెళ్లాలి.

బీఈడీ చూసే బజారు

దుబాయ్, మస్కట్, దోహా, కువైట్, రియాద్ లాంటి ఊళ్లలో మన సీబీఎస్‌ఈ సిలబస్ నడిపే బడులు ఉన్నాయి. మస్కట్‌లోని ఇండియన్ స్కూల్ 1975 నుంచి నడుస్తోంది. వీటిలో పిల్లలు మనవాళ్లే, పుస్తకాలు మనవే, పది, పన్నెండు పరీక్షలూ మనవే. ఇక్కడ ఎవరూ నేటివ్ స్పీకర్ అనే మాట ఎత్తరు. అడిగేవి మూడు: సబ్జెక్టులో డిగ్రీ లేదా పీజీ, బీఈడీ, కనీసం రెండేళ్ల అనుభవం. నంద్యాలలోనో ప్రొద్దుటూరులోనో తొమ్మిదో తరగతికి చెప్పిన పాఠమే అక్కడా చెప్పాలి.

జీతం విషయంలో ఉన్నదున్నట్టు మాట్లాడుకోవాలి. యూఏఈలో ఇండియన్ సిలబస్ బడుల్లో కొత్తవాళ్లకు మూడు, నాలుగు వేల దిర్హాముల దగ్గర మొదలవడం మామూలు. రూపాయల్లో డెబ్భై, ఎనభై వేలు దాటుతుంది, ఆదాయపు పన్ను లేదు. ఇక్కడి పదిహేను వేలతో పోల్చితే కళ్లు మెరుస్తాయి. కానీ గది బడి ఇవ్వకపోతే, అద్దె అందులో పెద్ద ముక్కే కొరికేస్తుంది. భర్తో భార్యో ఇప్పటికే అక్కడ పనిచేస్తున్న టీచర్లకు ఈ జీతం బాగా గిట్టుబాటు అవుతుంది. ఒంటరిగా వెళ్లి, ఇంటికి పంపి, అప్పు తీర్చాలనుకునేవాళ్లు ముందు కాగితం మీద లెక్క వేసుకోవాలి. బ్రిటిష్, అమెరికన్ సిలబస్ బడుల్లో జీతం చాలా ఎక్కువే, అయితే అక్కడ మళ్లీ మొదటి బజారు గాలి తగులుతుంది.

మాల్దీవుల బడుల్లో చదువు ఎక్కువగా ఇంగ్లీషులోనే సాగుతుంది. అక్కడ భారతీయ టీచర్లు ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నారు. చిన్న దీవి, చుట్టూ సముద్రం, రాజధాని మాలే నుంచి పడవలో గంటల ప్రయాణం. ఒంటరితనం తట్టుకోలేక ఏడాదికే తిరిగి వచ్చేవాళ్లుంటారు, అలవాటుపడి ఐదారేళ్లు ఉండిపోయేవాళ్లూ ఉంటారు. ఇథియోపియాలో హైలే సెలాసీ చక్రవర్తి కాలంలో మారుమూల పట్టణాల్లో కూడా పాఠం చెప్పింది భారతీయ టీచర్లే, వాళ్లలో కేరళవాళ్లే ఎక్కువ. ఈ దారిలో మలయాళీలు మనకంటే తరం ముందున్నారు. వాళ్లు వెళ్లింది గొప్ప యాసతో కాదు, నర్సులైనా టీచర్లైనా సర్టిఫికెట్ ఫైలు పక్కాగా పెట్టుకునే అలవాటుతో.

ఫైలు కథ

ఇక అసలు చిక్కు. సీమలో ఒక ప్రైవేటు బడి టీచర్ ఫైలు తెరిస్తే ఏం ఉంటుంది? పదో తరగతి మార్కుల మెమో, ఇంటర్, డిగ్రీ, పీజీ, బీఈడీ. ఒక్కోసారి అవి కూడా ఉండవు. ఏడాది మధ్యలో మానేయకుండా ఒరిజినల్ సర్టిఫికెట్లు బడివాళ్లే బీరువాలో పెట్టుకోవడం మన దగ్గర పాత అలవాటు. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చినా కాగితాలు బయటికి రావు, అడిగితే మానేస్తున్నావా అని నిలదీస్తారు. టీచర్ కష్టార్జితమైన సర్టిఫికెట్‌ను తాకట్టు వస్తువులా చూడటం ఏ రకంగానూ ఒప్పుకోదగింది కాదు. చేరేటప్పుడే జిరాక్సు ఇస్తామని, ఒరిజినల్ చూపించి వెనక్కి తీసుకుంటామని చెప్పగలగాలి. ఒంటరిగా చెప్పడం కష్టం, నలుగురు కలిసి చెబితే బడులూ దిగొస్తాయి.

ఆరేళ్లు పనిచేసిన అనుభవం కాగితం మీద ఆరు నెలలుగా కూడా కనిపించకపోవడం ఇంకా పెద్ద దెబ్బ. నియామక పత్రం ఉండదు. జీతం కవర్లో పెట్టి చేతికిస్తారు. పీఎఫ్ ఉండదు. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే సంస్థకు పీఎఫ్ చట్టం వర్తిస్తుంది, అయినా పేరు ఎక్కించని చోట్లు ఉన్నాయి. వెళ్లేటప్పుడు లెటర్‌హెడ్ మీద "బాగా పనిచేశారు" అని నాలుగు వరుసల ఉత్తరం ఇస్తారు. అందులో ఏ తరగతులకు, ఏ సబ్జెక్టు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది ఉండదు. విదేశంలో బడి యాజమాన్యానికి, అక్కడి విద్యాశాఖకు కావలసింది సరిగ్గా ఆ నాలుగు ముక్కలే. బ్యాంకు ఖాతాలో నెలనెలా పడిన జీతం, పీఎఫ్ పాస్‌బుక్ ఉంటే అంతకంటే బలమైన సాక్ష్యం ఇంకోటి ఉండదు. అందుకే నెలకు వెయ్యి తక్కువైనా సరే, జీతం బ్యాంకులో వేసి పీఎఫ్ కట్టే బడిలో చేరడమే విదేశం వెళ్లాలనుకునే టీచర్‌కు లాభం.

బీఈడీ మీదా ఒక మాట చెప్పాలి. 2015 నుంచి బీఈడీ రెండేళ్ల కోర్సు. క్లాసులకు వెళ్లకుండా ఫీజు కట్టి పరీక్షలు మాత్రం రాసే పద్ధతి మన వైపు ఎంత పాకిందో అందరికీ తెలుసు. మార్కుల మెమో చేతికి వచ్చేస్తుంది, నిజమే. కానీ గల్ఫ్ దేశాలు చదువు రెగ్యులరా, దూరవిద్యా, ఎక్కడ కూర్చుని చదివారు అని యూనివర్సిటీనే అడిగి రాయించుకుంటాయి. బీఈడీ రెగ్యులర్ అని ఉన్న అవే రెండేళ్లలో ఇంకో జిల్లాలో ఫుల్‌టైమ్ టీచర్‌గా పనిచేసినట్టు అనుభవ పత్రం ఉంటే, రెండు కాగితాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. రెండేళ్లు క్లాసులో కూర్చుని, ప్రాక్టీస్ టీచింగ్ నిజంగా చేసినవాళ్లకు ఈ భయం లేదు. డెమో క్లాసులోనూ వాళ్ల తేడా ఇట్టే తెలిసిపోతుంది.

పేరు దగ్గర వచ్చే తంటా మరీ మనది. పదో తరగతి మెమోలో "వై. సుజాత" అని ఉంటుంది. డిగ్రీలో ఇంటిపేరు పూర్తిగా విప్పి రాస్తారు. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, పేరుకు ఒక గడి ఉంటాయి, అక్కడ తిరగబడుతుంది. పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తగారి ఇంటిపేరు చేరుతుంది. మనకు ఇవన్నీ ఒకే మనిషి. అవతల కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగికి నలుగురు వేర్వేరు మనుషులు. అఫిడవిట్లు, గెజిట్ ప్రకటన, పాస్‌పోర్టు సవరణ అంటూ నెలలు పోతాయి. పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసే రోజే పదో తరగతి మెమో పక్కన పెట్టుకుని, ఇనిషియల్‌ను ఇంటిపేరుగా విప్పి, అక్షరం తేడా లేకుండా నింపితే ఈ బాధలో సగం తప్పుతుంది.

ఆపైన అటెస్టేషన్. సర్టిఫికెట్ నిజమైనదేనని ముందు రాష్ట్ర స్థాయిలో, తర్వాత విదేశాంగ శాఖ దగ్గర ముద్ర వేయించాలి. ఒక దేశం వేసిన ముద్రను ఇంకో దేశం నేరుగా ఒప్పుకునే హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో భారత్ 2005లో చేరింది కాబట్టి, ఆ ఒప్పందంలో ఉన్న దేశాలకు ఇంతటితో సరిపోతుంది. కొరియా, జపాన్, ఒమన్, బహ్రెయిన్ అందులో ఉన్నాయి, సౌదీ 2022 చివరలో చేరింది. యూఏఈ, కువైట్, ఖతర్ లాంటి దేశాలకు మాత్రం వాటి రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. విదేశాంగ శాఖ అపోస్టిల్ రుసుము కాగితానికి 50 రూపాయలు, దానికి సేవా కేంద్రం ఛార్జీ కొద్దిగా కలుస్తుంది. ఇదే పనికి మధ్యవర్తులు వేలకు వేలు చెబుతారు. రాయబార కార్యాలయాల రుసుములు నిజంగానే ఎక్కువ, కానీ ఏది ఎంతో విడివిడిగా రసీదు అడగడం హక్కు.

పది నిమిషాల డెమో

కాగితాలు దాటాక వీడియో కాల్‌లో డెమో క్లాసు ఉంటుంది, పది, పదిహేను నిమిషాలు. మన టీచర్లు నిజంగా తడబడేది ఇక్కడే, దీనికీ యాసకూ సంబంధం లేదు. "యూజ్డ్ టు" నేర్పమన్నారనుకోండి. మనకు అలవాటైన పద్ధతిలో టీచర్ బోర్డు మీద నిర్వచనం రాస్తారు, సూత్రం చెబుతారు, ఐదు ఉదాహరణలు చదువుతారు, అర్థమైందా అంటారు. పిల్లలు "యెస్ మేడమ్" అంటారు. పది నిమిషాల్లో తొమ్మిది నిమిషాలు టీచర్ గొంతే వినిపిస్తుంది. చూసేవాళ్లు మొదట లెక్కపెట్టేది అదే.

వాళ్లు ఎదురుచూసేది వేరు. టీచర్ ఒక పాత ఫోటో చూపిస్తారు. "ఐ యూజ్డ్ టు లివ్ ఇన్ నంద్యాల" అని ఒక్క వాక్యం చెబుతారు. వెంటనే చిన్న చిన్న ప్రశ్నలు వేస్తారు: ఇప్పుడు నంద్యాలలో ఉన్నానా? లేదు. ఒకప్పుడు ఉన్నానా? ఉన్నారు. ఒక్కరోజా, చాలా కాలమా? చాలా కాలం. ఈ మూడు జవాబులు సరిగా వస్తే సూత్రం చెప్పకముందే అర్థం పిల్లల బుర్రలోకి చేరినట్టే. తర్వాత ఇద్దరిద్దరిని జతచేసి, చిన్నప్పుడు చేసి ఇప్పుడు మానేసిన పనుల గురించి మాట్లాడమంటారు. టీచర్ వింటూ తిరుగుతారు. "అర్థమైందా" అనే మాట ఒక్కసారి కూడా వాడరు, ఎందుకంటే ఆ ప్రశ్నకు అవును తప్ప జవాబు రాదు.

ఇది పుస్తకం చదివితే రాదు, చేస్తేనే వస్తుంది. కేంబ్రిడ్జ్ వాళ్ల సెల్టా కోర్సులో కనీసం 120 గంటల శిక్షణతో పాటు, నిజమైన విద్యార్థుల ముందు ఆరు గంటల పాఠం చెప్పించి మార్కులు వేసేది ఇందుకే. దానికి లక్ష రూపాయలు పైగానే అవుతాయి, భాషా బడుల వైపు వెళ్లేవాళ్లకు తప్ప అందరికీ అవసరం లేదు. హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, 1958లో మొదలైన సంస్థ, ఇంగ్లీషు బోధనలో పీజీ డిప్లొమా దూరవిద్యలో ఇస్తోంది. మనవాళ్లకు అది అందుబాటు ధరలో ఉన్న గట్టి చదువు. మూడు వేలకు ఆన్‌లైన్‌లో దొరికే "120 గంటల టెఫెల్" (పరాయి భాషగా ఇంగ్లీషు నేర్పడం) సర్టిఫికెట్లలో పాఠం చెప్పించేది ఏదీ ఉండదు, కాబట్టి వాటి మీద ఆశ పెట్టుకోకపోవడం మంచిది.

ఉచ్చారణ అసలు పట్టించుకోనక్కర్లేదా అంటే, ఒక్క విషయంలో కావాలి. తెలుగులో అక్షరాలన్నీ ఇంచుమించు సమానంగా పలుకుతాం. ఇంగ్లీషులో ఒక్కో మాటలో ఒక్కో చోట ఊనిక పడుతుంది. "ఫోటోగ్రాఫ్"లో మొదట ఊని, "ఫొటాగ్రఫీ"లో రెండో దాని మీద ఊనాలి. ఈ ఊనిక సరిగా పడితే సీమ యాస ఉన్నా ఎవరికైనా అర్థమవుతుంది. ఊనిక తప్పితే ఎంత నాజూకుగా పలికినా అవతలివాళ్లు తడుముకుంటారు. రోజూ పావుగంట నిఘంటువు యాప్‌లో విని, వెంట పలికితే ఆరు నెలల్లో తేడా తెలుస్తుంది.

ఇక్కడి టీచర్లు తమకున్నదాన్ని లెక్కలోకి తీసుకోరు. అనంతపురం వైపు కన్నడం, కర్నూలు, కడపల్లో ఉర్దూ చాలామందికి వాడుకలో ఉన్న భాషలు. రెండు మూడు భాషల మధ్య పెరిగిన టీచర్‌కు, అరబ్బు పిల్లాడు "పార్కింగ్"ను "బార్కింగ్" అంటే ఎందుకు అంటున్నాడో పట్టుకోవడం తేలిక: అరబీలో "ప" లేదు. ఉర్దూ చదవడం వచ్చినవాళ్లకు అరబీ లిపి సగం తెలిసినట్టే. ఈ సంగతి బయోడేటాలో రాసుకోవాలి, ఇంటర్వ్యూలో చెప్పుకోవాలి.

ఏజెంటు చేతికి ఇచ్చేముందు

1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపాలంటే కేంద్రం దగ్గర రిజిస్టర్ అయిన ఏజెంటే అయి ఉండాలి. అలాంటి ఏజెంటు తీసుకోగలిగిన గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిపైన జీఎస్‌టీ. ఏజెంటు లైసెన్సు నంబరు కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే అసలుదో కాదో రెండు నిమిషాల్లో తేలుతుంది. లక్షన్నర, రెండు లక్షలు అడిగేవాళ్ల దగ్గర ఆ నంబరు అడిగితే మాట మారుస్తారు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ కూడా విదేశీ ఉద్యోగాలకు ఎంపికలు నడుపుతుంది, ముందు అక్కడ చూడాలి.

టీచర్ల లాంటి చదువుకున్నవాళ్లకు వర్తించే ఒక ఇబ్బంది ఉంది. పదో తరగతి పాసైనవాళ్ల పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి విదేశం వెళ్లడానికి ప్రభుత్వ అనుమతి, అక్కర్లేదు. ఇది సౌకర్యమే, కానీ క్లియరెన్స్ అవసరమైన కార్మికుల ఒప్పందాన్ని ప్రభుత్వం ఒకసారి చూసి పంపుతుంది, టీచర్ ఒప్పందాన్ని అలా తప్పనిసరిగా చూసేవాళ్లు లేరు. చదువుకున్నవాళ్లు తమ కాంట్రాక్టు తామే చదువుకుంటారనేది లెక్క. అందుకే ప్రతి గడీ చదవాలి. ముఖ్యంగా మూల వేతనం ఎంత రాశారో చూడాలి. యూఏఈలో ఉద్యోగం మానేసేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం చొప్పున ఉంటుంది. మొత్తం నాలుగు వేల దిర్హాములని చెప్పి మూల వేతనం పదిహేను వందలే రాస్తే, చివర్లో చేతికొచ్చేది ఆ పదిహేను వందల లెక్కే.

"ముందు విజిట్ వీసా మీద రండి, అక్కడ మార్చుకుందాం" అన్న మాట విన్నవెంటనే టెన్షన్ పడాల్సిందే. పర్యాటక వీసా మీద పాఠం చెబితే ముందు పట్టుబడేది టీచరే. థాయ్‌లాండ్‌లో మంచి ఉద్యోగమని నమ్మించి, సరిహద్దు దాటించి మయన్మార్‌లోనో, కంబోడియాలోనో సైబర్ మోసాల ముఠాలకు అప్పగించిన ఉదంతాల్లో మన రాష్ట్రం పిల్లలూ ఉన్నారు. బడి పేరు, చిరునామా, అక్కడి విద్యాశాఖ గుర్తింపు సరిచూడకుండా విమానం ఎక్కించే ఏ తొందరకూ లొంగకూడదు.

ఇంగ్లండ్, అమెరికా సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. ఇంగ్లండ్ 2023 ఫిబ్రవరి నుంచి భారతీయ టీచర్ల అర్హతను గుర్తించే దారి తెరిచింది, కానీ అది గణితం, సైన్స్, ఇంగ్లీషు కాని భాషల టీచర్లకే. అమెరికా జే-1 మార్పిడి టీచర్ వీసాకు డిగ్రీ, రెండేళ్ల అనుభవం కావాలి, మూడేళ్లు ఉండొచ్చు. అక్కడ బడులు ఎక్కువగా వెతికేది లెక్కలు, సైన్స్, ప్రత్యేక అవసరాల పిల్లల టీచర్ల కోసం. యువ ఇంగ్లీషు టీచర్లకు ఫుల్‌బ్రైట్ భాషా సహాయకుల కార్యక్రమం ఒకటుంది. తొమ్మిది నెలలు అమెరికా యూనివర్సిటీలో ఉండి, అక్కడి విద్యార్థులకు భారతీయ భాష నేర్పాలి. ఏయే భాషలన్నది ఏటా ప్రకటనలో చూసుకోవాలి. ప్రభుత్వ టీచర్లకు ఇంకో వెసులుబాటు ఉంది: విదేశంలో ఉద్యోగం కోసం జీతం లేని సెలవు ఐదేళ్ల దాకా పెట్టుకోవచ్చు, అనుమతి ముందుగా తీసుకుంటే.

గల్ఫ్‌లోని ఇండియన్ సిలబస్ బడులు ఏప్రిల్‌లో కొత్త ఏడాది మొదలుపెడతాయి. జనవరి, ఫిబ్రవరిలో ఇంటర్వ్యూలు జరుగుతాయి. సర్టిఫికెట్ల పరిశీలన, ముద్రలు, పోలీసు క్లియరెన్స్ అన్నీ కలిపితే రెండు నెలలు తేలిగ్గా పడతాయి. అంటే వచ్చే ఏప్రిల్‌లో మస్కట్‌లోనో షార్జాలోనో బోర్డు ముందు నిలబడాలనుకునే టీచర్, ఈ దసరా సెలవుల్లోనే బడి బీరువాలోంచి ఒరిజినల్స్ అడిగి తెచ్చుకుని, తేదీలతో సహా అనుభవ పత్రం రాయించుకుని, పదో తరగతి మెమోనూ పాస్‌పోర్టునూ పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం సరిచూసుకోవాలి.